బరువుల వ్యాయామం మీద పాతుకుపోయిన భయాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. బరువుల వ్యాయామం గురించి ఆరోగ్య పేజీల్లో వచ్చే సలహాల్లో నాలుగైదు మాటలు ఏళ్ల తరబడి మారకుండా తిరుగుతున్నాయి. ఆడవాళ్లు కిలో, రెండు కిలోల డంబెల్స్‌తో సరిపెట్టుకోవాలి. పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండే దాకా బరువులు ముట్టకూడదు, ముట్టుకుంటే ఎత్తు పెరగరు. మోకాళ్లు అరిగిపోతాయి కాబట్టి స్క్వాట్‌లో, అంటే మోకాళ్లు వంచి కూర్చుని లేచే వ్యాయామంలో, పూర్తిగా కిందికి దిగకూడదు. వయసు మళ్లినవాళ్లకు నడక చాలు. బీపీ ఉంటే జిమ్ గడప తొక్కకూడదు. శిక్షకులుగా, ఫిజియోథెరపిస్టులుగా ఈ రంగంలో పనిచేస్తున్న మేం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పై మాటల్లో ఏ ఒక్కటీ ఉన్నది ఉన్నట్టుగా నిలబడదు. ఇంకా బాధ కలిగించే సంగతి, ఈ భయాలన్నీ తప్పు చోట కూర్చుని, నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు కనబడకుండా చేస్తున్నాయి. మోకాళ్లు పోతాయని స్క్వాట్ మానేసినవాళ్లే, పట్టుకునే మనిషి లేకుండా బెంచి మీద పడుకుని గుండెల మీదికి రాడ్డు దింపుతుంటారు.

ఆడవాళ్ల భయంతో మొదలుపెడతాం. దానివల్ల జరిగే నష్టమే అన్నిటికంటే ఎక్కువ. 'బరువులెత్తితే మగవాళ్లలా కండలు వచ్చేస్తాయి' అంటారు. కండ పెద్దదవడానికి బాగా తోడ్పడే హార్మోన్ టెస్టోస్టెరాన్. పెద్దయిన మగవాళ్లలో అది డెసిలీటరు రక్తానికి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు ఉంటే, ఆడవాళ్లలో 15 నుంచి 70 మధ్య ఉంటుంది. శిక్షణతో ఆడవాళ్ల కండ పెరగదని కాదు, పెరుగుతుంది. శాతంలో లెక్క వేస్తే మగవాళ్లకు దగ్గరగానే పెరుగుతుంది. కానీ మొదట ఉన్న కండే తక్కువ కాబట్టి అదే శాతం పెరిగినా మొత్తం మీద చేరేది కొద్దిగానే ఉంటుంది, అదీ నెలల తరబడి, క్రమం తప్పకుండా చేస్తేనే. పోటీల్లో కనిపించే శరీరాల వెనక ఏళ్ల సాధన, లెక్కగట్టి తినే తిండి, చాలాచోట్ల బయటి నుంచి ఎక్కించుకున్న హార్మోన్లు ఉంటాయి. వారానికి రెండు రోజులు నలభై నిమిషాల చొప్పున బరువులెత్తినందుకు ఎవరికీ పొరపాటున అలాంటి శరీరం వచ్చేయదు.

ఈ భయం బలపడడానికి ఒక కారణం ఉంది, దాని గురించి ముందే చెప్పేవాళ్లు తక్కువ. మొదటి రెండు మూడు వారాల్లో తూకం మీద బరువు కాస్త పెరగవచ్చు. కొత్తగా పని పడిన కండ గ్లైకోజెన్‌ను, అంటే శక్తి కోసం దాచుకునే పిండిపదార్థాన్ని, నిల్వ చేసుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. కండ నొప్పిగా ఉన్నన్నాళ్లు మరికొంత నీరు పడుతుంది. అది కొవ్వూ కాదు, ఒక్క పక్షంలో ఊరిన కండా కాదు. చాలామంది సరిగ్గా ఆ అంకె చూసే ఆపేస్తారు. కొత్తగా చేరేవాళ్లకు మా సలహా: మొదటి 8 వారాలు తూకాన్ని పట్టించుకోకండి. నడుము చుట్టుకొలత టేపుతో తీసి రాసుకోండి, ఎన్ని కిలోలు ఎన్నిసార్లు ఎత్తారో రాసుకోండి. ఈ తొలి వారాల్లో బలం చకచకా పెరుగుతుంది, అందులో ఎక్కువ భాగం నాడులు కండను పనిలోకి పిలవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. అందుకే అద్దంలో ఏ మార్పూ లేకుండానే ఎత్తే బరువు పెరుగుతుంటుంది.

తేలిక బరువు ఎక్కువసార్లు ఎత్తితే 'టోన్' అవుతుంది, అంటే కండ ఉబ్బకుండా ఒళ్లు బిగుతుగా కనిపిస్తుంది, ఎక్కువ బరువు తక్కువసార్లు ఎత్తితే కండ ఉబ్బుతుంది అన్న సలహా మరీ తలకిందులుగా ఉంది. ఒక మనిషి ఒకేసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 30 శాతం ఉన్న తేలిక బరువుతో చేసినా, 80 శాతంతో చేసినా, ఇక ఎత్తలేం అనే దాకా తీసుకెళ్తే కండ పరిమాణం ఇంచుమించు ఒకేలా పెరుగుతుందని చాలా ప్రయోగాల్లో తేలింది. బలం మాత్రం ఎక్కువ బరువుతోనే బాగా పెరుగుతుంది. అంటే కండకు భయపడి కిలో డంబెల్ పట్టుకున్నవాళ్లు దాన్ని అలసిపోయే దాకా ఎత్తితే ఏది వద్దనుకున్నారో అదే వస్తుంది. అలసిపోకముందే దించేస్తే ఏమీ రాదు, అరగంట సమయం పోతుంది. సరైన బరువు ఎంచుకోవడానికి ఒక కొలత ఉంది. 10 సార్లు ఎత్తి దించాక, ఇంకో 2 లేదా 3 సార్లు శుభ్రంగా ఎత్తగలిగే శక్తి మిగిలి ఉండాలి. ఇంకో 6 సార్లు ఎత్తగలిగితే ఆ బరువు తేలిక. 7వ సారికే భంగిమ చెడితే అది ఎక్కువ. ఈ కొలత ఆడ, మగ, ముసలి, పడుచు అందరికీ ఒకటే. మారేది కిలోల అంకె ఒక్కటే.

ఇక పిల్లల సంగతి. ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు, అంటే ఎముక పొడవు పెరిగే మెత్తటి భాగాలు, ఉంటాయి, అవి దెబ్బతింటే ఎదుగుదల కుంటుపడవచ్చు. ఇంతవరకు నిజం. అయితే బరువుల శిక్షణ వాటిని దెబ్బతీస్తుందన్న మాటకు ఆధారం లేదు. గోడ మీంచి దూకిన పిల్లాడు నేలను తాకే క్షణంలో అతని కాళ్ల మీద శరీర బరువుకు కొన్ని రెట్ల బలం పడుతుంది. పెద్దల పర్యవేక్షణలో అయిదు కిలోల డంబెల్ పట్టుకుని కూర్చుని లేచేటప్పుడు పడేది దానికంటే చాలా తక్కువ. దూకడాన్ని ఎవరూ ఎదుగుదలకు ముప్పు అనరు. బరువులెత్తే ఛాంపియన్లు పొట్టిగా ఉండడం చూసి జనం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేశారు. చేతులు, కాళ్లు పొట్టిగా ఉంటే రాడ్డును తక్కువ దూరం లేపితే చాలు, అందుకే అలాంటివాళ్లు ఆ ఆటలో రాణిస్తారు. బాస్కెట్‌బాల్ ఆడినందువల్ల ఎవరూ పొడుగు కానట్టే, బరువులెత్తినందువల్ల ఎవరూ పొట్టి కారు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2020లో సవరించిన ప్రకటన కూడా, సరైన పద్ధతి, సరైన పర్యవేక్షణ ఉంటే పిల్లలకు ఈ శిక్షణ సురక్షితమే అంటుంది. మరి పిల్లలకు దెబ్బలు ఎలా తగులుతున్నాయి? అమెరికాలో అత్యవసర విభాగాలకు వచ్చిన కేసులను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, 8 నుంచి 13 ఏళ్ల వాళ్ల గాయాల్లో మూడింట రెండు వంతులు చేతి మీద, పాదం మీద తగిలినవే. ఎక్కువ భాగం బరువు జారి పడడం వల్ల, రాడ్డుకు తగిలించే రెండు బరువు ప్లేట్ల మధ్య వేళ్లు నలగడం వల్ల. ఇంట్లో పరికరాలు ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ప్లేట్లు గోడకు ఆనించి నిలబెట్టొద్దు, స్టాండుకు తగిలించండి లేదా నేల మీద పడుకోబెట్టండి. డంబెల్స్ బల్ల అంచున పెట్టొద్దు. పెద్దవాళ్లు గదిలో లేనప్పుడు తాళం వేయండి. చెప్పిన మాట విని, చూపించినట్టు చేయగలిగే వయసు వస్తే, అంటే చాలామందికి 7, 8 ఏళ్లకు, మొదలుపెట్టవచ్చు. ముందు ఖాళీ కర్రతో భంగిమ నేర్పాలి. తర్వాత 6 నుంచి 15 సార్లు ఎత్తగలిగే బరువు, ఒకటి రెండు సెట్లు (ఆగకుండా వరసగా ఎత్తేవన్నీ కలిపి ఒక సెట్), వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. భంగిమ చెక్కుచెదరకుండా ఉంటేనే 5 నుంచి 10 శాతం పెంచాలి. ఎవరు ఎక్కువ ఎత్తుతారో చూద్దాం అనే పందెం మాత్రం ఈ వయసులో పూర్తిగా నిషేధం. 'పద్దెనిమిది దాకా వద్దు' అనే నియమం చేసే పెద్ద కీడు ఇక్కడే ఉంది. పదిహేనేళ్ల కుర్రాడు ఎలాగూ ఎత్తుతాడు. నియమం వల్ల ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చూడని చోట ఎత్తుతాడు.

మోకాళ్ల భయానికి పుట్టిన తేదీ దాదాపు తెలుసు. 1961లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్, పూర్తిగా కిందికి దిగే స్క్వాట్ మోకాలి లిగమెంట్లను, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలను, వదులు చేస్తుందని ప్రకటించారు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ ఫలితాన్ని నిలబెట్టలేకపోయాయి. కానీ మాట మాత్రం నిలిచిపోయింది. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి దాదాపు 90 డిగ్రీల వంపు దగ్గర ఎక్కువగా ఉంటుంది. ఇంకా కిందికి దిగితే చిప్పకూ తొడ ఎముకకూ తాకే వైశాల్యం పెరుగుతుంది, తొడ వెనక భాగం పిక్కకు ఆనుతుంది, భారం పంచుకుంటుంది. సగం దాకా దిగి ఆగిపోయేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సగం స్క్వాట్ తేలిక కాబట్టి రాడ్డు మీద బరువు ఎక్కువ వేసేస్తారు, ఆ ఎక్కువ బరువుతో సరిగ్గా ఒత్తిడి గరిష్ఠంగా ఉన్న కోణం దగ్గరే దిశ మార్చుకుని లేస్తారు.

మోకాలు కాలివేళ్లను దాటకూడదు అన్న సూత్రం కూడా ఇలాంటిదే. 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మోకాళ్ల ముందు పలక అడ్డం పెట్టి, అవి ముందుకు పోకుండా ఆపి స్క్వాట్ చేయించారు. మోకాలి కీలు మీద తిప్పుబలం 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి కీలు మీద మాత్రం 28 నుంచి 303కు పెరిగింది. మోకాలికి తప్పించిన భారం మాయమైపోలేదు, తుంటి మీద, నడుము మీద పడింది, తుంటి మీది తిప్పుబలం పది రెట్లకు పైగా పెరిగింది. పొడుగు తొడలున్నవాళ్లకు మోకాలు వేళ్లను దాటకుండా కిందికి దిగడం అసలు కుదరదు, వెనక్కి పడిపోతారు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మడమ నేల నుంచి లేవకూడదు. మోకాలు లోపలికి వాలకుండా, పాదం ఎటు తిరిగి ఉంటే అటే సాగాలి. కిందికి దిగేటప్పుడు రెండు సెకన్లు పట్టాలి, దబ్బున పడిపోకూడదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు 45 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీ ముందు నిలబడి, దాని మీద మెల్లగా కూర్చుని, చేతులు ఊతం పెట్టకుండా లేవడంతో మొదలుపెట్టవచ్చు. 8 సార్ల చొప్పున మూడు సెట్లు సునాయాసంగా వచ్చాక చేతిలో బరువు పట్టుకోవాలి, కుర్చీ ఎత్తు తగ్గించుకుంటూ పోవాలి. నొప్పికి 10లో మార్కులు వేసుకోండి. 3 లోపు ఉండి, మర్నాటికి మామూలు స్థితికి వస్తే కొనసాగించవచ్చు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా ఆపి చూపించుకోవాలి.

నడుము దగ్గరికి వస్తే, 'డిస్క్ జారుతుంది' అన్న ఒక్క మాటతో డెడ్‌లిఫ్ట్‌కు దూరంగా ఉండేవాళ్లు ఎందరో. కింద ఉన్న బరువును పైకి లేపడం రోజూ అందరూ చేసే పనే, సంచి కావచ్చు, పసిబిడ్డ కావచ్చు. దాన్ని పద్ధతిగా నేర్పేదే డెడ్‌లిఫ్ట్. కాబట్టి ఇది కాస్త విడమరిచి చెబుతాం. నిలబడినప్పుడు రాడ్డు పాదం మధ్యభాగం పైన ఉండాలి. పాదం అంటే బూటు కొన నుంచి మడమ చివరి దాకా మొత్తం. అప్పుడు ముంగాలికీ రాడ్డుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. రాడ్డు కదపకుండా తుంటి వెనక్కి నెట్టి వంగి, కాళ్లకు కాస్త బయటగా పట్టుకోవాలి. తర్వాత ముంగాలు రాడ్డును తాకే దాకా మోకాళ్లు వంచాలి. ఛాతీ ఎత్తి, వీపు తిన్నగా బిగించాలి. రాడ్డుకూ ప్లేట్లకూ మధ్య ఉన్న వదులు పోయేలా ముందు నెమ్మదిగా లాగాలి, చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాతే పాదాలతో నేలను నెడుతూ లేవాలి. రాడ్డు పై దాకా కాళ్లను రాసుకుంటూనే రావాలి. పైకి వచ్చాక వెనక్కి వాలొద్దు, తిన్నగా నిలబడితే చాలు.

రాడ్డు ఒంటికి దూరమైతే ఏమవుతుందో లెక్క వేయవచ్చు. 60 కిలోల రాడ్డు కాళ్ల నుంచి 10 సెంటీమీటర్లు ముందుకు జరిగితే నడుము మీద అదనంగా దాదాపు 59 న్యూటన్ మీటర్ల వంచే బలం పడుతుంది. బరువు పెంచకుండానే భారం పెరిగిందన్నమాట. ఇంకో పొరపాటు కొత్తవాళ్లలో మేం అందరం చూసేదే. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, వాటితో రాడ్డు నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కొత్తవాళ్లు తేలిక బరువు కోసం చిన్న ప్లేట్లు వేస్తారు, రాడ్డు బాగా కిందికి పోతుంది, దాన్ని అందుకోవడానికి వీపు గుండ్రంగా వంగిపోతుంది. నేర్చుకోవడానికి అతి కష్టమైన ఎత్తును కొత్తవాళ్లకే ఇస్తున్నాం. చిన్న ప్లేట్ల కింద దిమ్మలో, గట్టి రబ్బరు పలకలో పెట్టి రాడ్డును 22.5 సెంటీమీటర్లకు తెస్తే సగం సమస్య తీరుతుంది. నడుము బెల్టు మొదటి ఆరు నెలలు అక్కర్లేదు. వ్యాయామం తర్వాత వీపు కండలు బరువెక్కినట్టు ఉండడం మామూలే. కాలిలోకి పాకే తిమ్మిరి, పాదం ఎత్తలేకపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం మామూలు కాదు. ఇందులో చివరిది కనబడితే ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి.

గుండె, బీపీ విషయంలో భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాడీబిల్డర్ల ధమనిలోనే గొట్టం పెట్టి, గరిష్ఠ స్థాయి లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును నెట్టే వ్యాయామం) చేస్తుండగా రక్తపోటు కొలిచారు. సగటున 320/250కు వెళ్లింది. ఒకరిలో 480/350 దాటింది. ఈ అంకెలు చూసి ఎవరైనా హడలిపోతారు. కానీ అవి ఊపిరి బిగబట్టి, ఇక ఎత్తలేని దాకా చేసినప్పుడు కొద్ది క్షణాలు కనిపించినవి. బరువు దించగానే పోటు వేగంగా దిగిపోయింది. అంత పెరగడానికి ప్రధాన కారణాలు మూడు: ఊపిరి బిగబట్టడం, ఓపిక అయిపోయే దాకా లాగడం, పెద్ద కండలన్నీ ఒకేసారి పూర్తి బలంతో పట్టడం. మొదటి రెండూ మన చేతిలోనే ఉన్నాయి. లేపేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. 10 నుంచి 15 సార్లు ఎత్తగలిగే బరువు తీసుకుని, ఇంకో మూడు నాలుగు సార్లు ఎత్తగలం అనగానే ఆపేయాలి. సెట్ల మధ్య 90 సెకన్లకు తగ్గకుండా ఆగాలి. రాడ్డును ఎంత అవసరమో అంతే గట్టిగా పట్టుకోవాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనూ 2023లోనూ ఇచ్చిన ప్రకటనలు గుండె జబ్బు ఉండి నిలకడగా ఉన్నవాళ్లకు కూడా ఈ వ్యాయామాన్ని సిఫారసు చేశాయి. క్రమంగా చేసేవాళ్లలో విశ్రాంతి సమయపు బీపీ కొద్దిగా తగ్గుతుంది కూడా. నిజంగా ఆగాల్సినవాళ్లు ఎవరంటే: బీపీ 180/110కు పైన అదుపు లేకుండా ఉన్నవాళ్లు, విశ్రాంతిలోనే ఛాతీ నొప్పి వస్తున్నవాళ్లు, గుండె వైఫల్యం అదుపులో లేనివాళ్లు, బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) కవాటం బాగా బిగుసుకుపోయినవాళ్లు, ఆ ధమని గోడలో చీలిక ఉన్నవాళ్లు, షుగర్ వల్ల కంటి లోపల కొత్త రక్తనాళాలు పెరుగుతున్నవాళ్లు. వీళ్లు ముందు డాక్టరు మాట వినాలి.

పెద్దవయసు వాళ్లకు నడక చాలు అన్న సలహా మాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. నడక మంచిదే, కానీ కుర్చీలోంచి లేవడానికి, జారినప్పుడు నిలదొక్కుకోవడానికి కావలసిన బలాన్ని అది పెద్దగా పెంచదు. 1990లో బోస్టన్‌లో సగటు వయసు 90 ఏళ్లున్న, వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమందికి 8 వారాలు గట్టి బరువులతో తొడ కండల శిక్షణ ఇచ్చారు. పూర్తిచేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. 2018లో వచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగం ఇంకా గట్టిది. రుతుక్రమం ఆగి, ఎముకలు పలచబడ్డ 101 మంది మహిళలు, సగటు వయసు 65. ఒక జట్టు పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున 8 నెలలు డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తలపైకి ఎత్తే ప్రెస్ చేసింది, గరిష్ఠ బరువులో 85 శాతం పైన, 5 సార్ల చొప్పున 5 సెట్లు. దూకి నేలను తాకే వ్యాయామం అదనం. నడుం వెన్నెముక సాంద్రత వాళ్లలో 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన జట్టులో 1.2 శాతం తగ్గింది. నమోదైన ఇబ్బంది ఒక్కరికి స్వల్పంగా నడుము పట్టడం. మళ్లీ చెబుతున్నాం, ఇది పర్యవేక్షణలో, తొలి నెల తేలిక బరువులతో భంగిమ నేర్పాక చేయించింది. ఎముక పలచబడ్డవాళ్లు రేపే సొంతంగా 85 శాతం ఎత్తాలని దీని అర్థం కాదు. ఎముక విరుగుతుందని భయపెట్టి వాళ్లను కుర్చీకి కట్టేయడానికి మాత్రం ఆధారం లేదు.

ఆపేస్తే కండ కొవ్వుగా మారుతుంది అంటారు. కండ కణం వేరు, కొవ్వు కణం వేరు. ఒకటి ఇంకొకటిగా మారదు. ఆపేసినవాళ్లు తిండి తగ్గించరు, అందుకే కండ తగ్గుతూ కొవ్వు పెరుగుతూ రెండూ ఒకేసారి జరుగుతాయి. ఒకసారి పెంచుకున్న కండ తగ్గినా, మళ్లీ మొదలుపెడితే మొదటిసారికంటే త్వరగా తిరిగి వస్తుంది. ఇక ఒళ్లు బిగుసుకుపోతుందన్న భయం: కీలు పూర్తిగా సాగేలా, పూర్తిగా ముడిచేలా ఎత్తిదించితే ఒళ్లు సాగే గుణం పెరుగుతుంది.

వ్యాయామం చేసేవాళ్లు పొడిగా తీసుకునే క్రియాటిన్‌ను స్టెరాయిడ్‌తో కలిపి భయపడేవాళ్లు ఉన్నారు. అది శరీరంలో సహజంగా ఉండేదే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 3 నుంచి 5 గ్రాములు సరిపోతుంది. దాన్ని వాడేవాళ్లలో రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి డాక్టరుకు ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే జోలికి పోవద్దు. భయపడాల్సింది లేబుల్ లేకుండా చేతులు మారే ఇంజెక్షన్లకు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే శరీరం తన సొంత తయారీ ఆపేస్తుంది, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఒళ్లునొప్పుల గురించి రెండు మాటలు. అవి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల కాదు, ఆ ఆమ్లం వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, అయిదారు రోజుల్లో పోతుంది. మొదటి రోజు ఒక్కో వ్యాయామం ఒకటి రెండు సెట్లతో ఆపితే భరించగలిగేంతే ఉంటుంది. దీన్ని ప్రమాదంగా భావించి మానేసేవాళ్లు ఒకవైపు, అసలు ప్రమాదాన్ని 'మామూలు నొప్పే' అని కొట్టిపారేసేవాళ్లు ఇంకోవైపు. తొలిరోజే, లేదా చాలా విరామం తర్వాత, వందల సంఖ్యలో స్క్వాట్లో పుల్‌అప్‌లో చేసినవాళ్లకు కండ కణాలు పగిలి, వాటిలోని పదార్థం రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. గుర్తులు: చేయి చాచలేనంత, కాలు మడవలేనంత వాపు, విపరీతమైన నొప్పి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం. మూత్రం రంగు మారితే నీళ్లు తాగుతూ ఇంట్లో కూర్చోకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కండ ఎంత దెబ్బతిన్నదో చెప్పే క్రియాటిన్ కైనేజ్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది బెంచ్ ప్రెస్, అంటే బెంచి మీద వెల్లకిలా పడుకుని రాడ్డును ఛాతీ మీంచి పైకి నెట్టడం. బరువు ఎక్కువై కాదు, పడుకున్న మనిషి గొంతు మీదికి, ఛాతీ మీదికి రాడ్డు రావడం వల్ల. ఒంటరిగా చేసేవాళ్లు రాక్ (రాడ్డును ఆపే పిన్నులు అమర్చుకోగల ఇనప చట్రం) లోపలే చేయాలి. రెండు పక్కలా సేఫ్టీ పిన్నులను ఇలా అమర్చాలి: వీపు కాస్త విల్లులా ఉంచి ఛాతీ ఎత్తి పడుకున్నప్పుడు రాడ్డు ఛాతీని తాకాలి, పిన్నులను తాకకూడదు. వీపు చదును చేసి ఊపిరి వదిలితే రాడ్డు పిన్నుల మీద కూర్చోవాలి. ఖాళీ రాడ్డుతో ఒకసారి సరిచూసుకున్నాకే ప్లేట్లు వేయాలి. రాక్ లేక, పట్టుకునే మనిషీ లేకపోతే రాడ్డు బదులు డంబెల్స్ వాడాలి. తప్పనిసరై రాడ్డుతోనే చేస్తే చివర్లకు క్లిప్పులు పెట్టొద్దు. లేపలేకపోతే ఒక పక్కకు వంచితే ప్లేట్లు జారిపోతాయి. మిగతా అన్ని వ్యాయామాల్లో క్లిప్పులు తప్పనిసరి. బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పి పట్టుకోవాలి. నాలుగు వేళ్ల పక్కనే బొటనవేలు పెట్టి పట్టుకుంటే రాడ్డు అరచేతిలోంచి జారి గుండె మీద పడవచ్చు. స్టాండు మీదున్న రాడ్డుకు ఒక వైపు ప్లేట్లన్నీ తీసేస్తే రెండో వైపు బరువుకు అది తిరగబడుతుంది. ఒక్కో ప్లేటు రెండు వైపుల నుంచీ మార్చి మార్చి తీయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం చెప్పాయి. ఆ రెండు రోజులకు అయిదు కదలికలు చాలు: కూర్చుని లేచేది, కింద నుంచి లేపేది, ముందుకో పైకో నెట్టేది, తమవైపు లాక్కునేది, బరువు మోస్తూ నడిచేది. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు సెట్లు. ఆఖరిది మాత్రం 20, 30 మీటర్లు. ఒళ్లు వేడెక్కించడానికి అదే వ్యాయామం తేలికగా చేయాలి. 40 కిలోలు ఎత్తబోతుంటే ముందు 20 కిలోల ఖాళీ రాడ్డుతో 8 సార్లు, 30 కిలోలతో 5 సార్లు. అన్ని సెట్లలో 12 సార్లు శుభ్రంగా వచ్చాకే పెంచాలి: చేతుల వ్యాయామాలకు 1 నుంచి 2.5 కిలోలు, కాళ్లకు 2.5 నుంచి 5 కిలోలు. దెబ్బలు తగిలేది చాలావరకు ఈ పెంపులో తొందరపడినవాళ్లకే. కండలు వారాల్లో బలపడతాయి, వాటిని ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి స్నాయువులకు నెలలు పడుతుంది. మోచేయి, భుజం సలపడం మొదలైతే ఆ బరువు 20 శాతం తగ్గించి రెండు వారాలు అక్కడే ఉండాలి.

మీ ఆరోగ్య పేజీకి మా విన్నపం ఇది. ఎవరు ఎన్ని కిలోలు ఎత్తాలో వయసును బట్టి, ఆడా మగా అన్న తేడాను బట్టి అచ్చు వేయకండి. ఎన్నిసార్లు ఎత్తాలి, ఇంకా ఎన్నిసార్లు ఎత్తగలిగే ఓపిక మిగలాలి అన్నది రాయండి. డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడని వాళ్ల జాబితాను పక్కనే ఒక పెట్టెలో వేయండి. బెంచ్ ప్రెస్ బొమ్మ వేసేటప్పుడు సేఫ్టీ పిన్నులు కనబడే బొమ్మే ఎంచుకోండి. అమర్చే పద్ధతి కావాలంటే కొలతలతో సహా రాసి పంపడానికి మేం సిద్ధం.

ఇట్లు,
కొందరు బరువుల శిక్షకులు, ఫిజియోథెరపిస్టులు